జున్నుగాడికి చోడి అంబలి పనికిరాదు

విజయనగరం,
వినాయక చవితి మర్నాడు.

చిరంజీవులు పండుకి, చిన్నికి మామ్మ దీవెనలు.

సిరిమానోత్సవానికి వస్తున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. దసరా వెళ్లిన మంగళవారం దాకా ఉంటారట. సంతోషం. అయితే మీరు గుమ్మంలో అడుగు పెట్టకముందే మన పిల్లి జున్నుగాడి సంగతి చెప్పాలి. ఫోన్లో చెబితే సగం విని "సరే మామ్మా" అనేస్తారు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. వేసవి సెలవుల్లో మీరిద్దరూ వాడికి పాలల్లో బిస్కెట్లు నానబెట్టి పెట్టేవారు కదా, ఈసారి అది కుదరదు. వాడికి షుగర్ వచ్చింది.

నవ్వకండి. మొదట నాకూ నవ్వొచ్చింది. పిల్లికి షుగరేమిటి, రేపు బీపీ కూడా వస్తుందా అన్నాను. (వస్తుందట!)

ఆషాఢంలో ఒకరోజు పెరట్లో కూర్చుని తోటకూర బాగుచేస్తున్నాను. జున్నుగాడు గాబు అంచు మీద ముందుకాళ్లు ఆనించి, మెడ సాచి నీళ్లు తాగుతున్నాడు. నేను కట్టంతా ఒలిచి కాడలు పక్కన పడేసేదాకా తాగుతూనే ఉన్నాడు. పిల్లులు మామూలుగా అలా తాగవు. ఎడారి నేలల్లో తిరిగిన అడవి పిల్లుల వంశం వాటిది, తినే వేటలోని తడితోనే చాలావరకు గడిపేస్తాయి. ఆ మర్నాడు వాడు ఇసకలో గోకి కప్పెట్టిన చోట చీమలు బారులు తీరాయి. పూర్వం వైద్యులు మనుషుల మూత్రానికి చీమలు పడితే మధుమేహం అనేవారు. అప్పటికైనా నాకు తట్టొద్దా? తట్టలేదు. ఆరు కిలోలుండేవాడు అయిదుకు దిగాడు, తిండి మాత్రం ముందుకంటే ఎక్కువే తింటున్నాడు. చివరికి వాడి నడక చూశాక అనుమానం వచ్చింది. పిల్లి వేళ్ల మీద నడుస్తుంది కదా, వీడు వెనక్కాళ్ల మడమలు నేలకానించి, కుందేలు చతికిలబడ్డట్టు నడుస్తున్నాడు. షుగర్ ముదిరి కాళ్ల నరాలు దెబ్బతింటే పిల్లులు అలా నడుస్తాయని తర్వాత తెలిసింది. నాకూ షుగర్ వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కుతాయే, అదే జాతి జబ్బు.

ఇంత తింటూ చిక్కిపోవడమేమిటని అడుగుతారు. మన వీధి చివర రేషన్ డిపో తెలుసుగా. డిపో నిండా బియ్యం బస్తాలున్నా కార్డు లేకపోతే గింజ కూడా ఇంటికి రాదు. తిన్నదంతా గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరుతుంది. దాన్ని ఒంట్లో కండకీ కొవ్వుకీ అందించే కార్డు ఇన్సులిన్. క్లోమం దాన్ని తగినంత తయారుచేయకపోయినా, కొవ్వెక్కిన ఒళ్లు దాని మాట వినకపోయినా సరుకు రక్తంలోనే పేరుకుపోతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. పేరుకున్నది చెరువు నిండి అలుగు పారినట్టు మూత్రంలోకి పొర్లుతుంది, పోతూ పోతూ నీళ్లనీ లాక్కుపోతుంది. దాంతో దాహం. మగపిల్లులకి, అందులోనూ ఆపరేషన్ అయి, ఇంట్లోనే ఉండి లావెక్కినవాటికి, వయసు ఏడెనిమిదేళ్లు దాటాక ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మన జున్నుగాడు ఇందులో ఒక్కటీ వదల్లేదు.

బుట్టలో పెట్టి ఆటో ఎక్కిస్తే గంటస్తంభం దాటేదాకా అరుస్తూనే ఉన్నాడు. డాక్టరుగారు రక్తం చూసి షుగర్ బాగా ఎక్కువుందన్నారు, కానీ జబ్బని అప్పుడే తేల్చలేదు. భయపడితే చాలు, పిల్లి రక్తంలో గ్లూకోజ్ అమాంతం పెరుగుతుందట. అందుకని ఫ్రక్టోసమీన్ అనే ఇంకో పరీక్షకి పంపారు. అది ఆ ఒక్క నిమిషం సంగతి కాకుండా వెనకటి ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది. నాకు మూడు నెలలకోసారి చేసే పరీక్షకి చిన్న తమ్ముడన్నమాట.

ఆ రిపోర్టు వచ్చేలోపు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను వినండి. నాకు షుగర్ వచ్చి పధ్నాలుగేళ్లయింది. పథ్యం గురించి నాకొకరు చెప్పేదేమిటనే ధీమా. వాడికి అన్నం మానిపించి చోడి పిండితో, అదే రాగి పిండితో, అంబలి కాచి, మజ్జిగ కలిపి, మీద నాలుగు నెత్తళ్ల చేపలు వేశాను. వాడు నెత్తళ్లు ఏరుకు తిని, గిన్నె పక్కన నేలని మూడుసార్లు గోకాడు. దాన్నేం చేయాలనుకున్నాడో మీకు తెలుసు. పొగరు అనుకుని, ఆకలేస్తే అదే తింటాడులే అని ఒకరోజంతా ఇంకేమీ పెట్టలేదు. నేను ఏకాదశికి ఉండగా లేంది వాడు ఉండలేడా అని కూడా అన్నాను మీ తాతయ్యతో.

డాక్టరుగారు విని, కోప్పడకుండానే గట్టిగా చెప్పారు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి వెళ్లి కాలేయంలో పేరుకుంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. పస్తు పెట్టి పిల్లిని తగ్గించకూడదు. తగ్గించాలన్నా వారానికి ఒంటి బరువులో నూటికి ఒక వంతు చొప్పున, అంటే ఆరు కిలోల పిల్లి వారానికి అరవై గ్రాములు తగ్గితే చాలు.

ఇక చోడి సంగతి. చోడి నాకు మంచిదే, ఎందుకంటే తెల్లన్నంకన్నా నెమ్మదిగా అరుగుతుంది. కానీ ఎంత నెమ్మదిగా అరిగినా అది పిండిపదార్థమే. మీరు వట్టి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమలండి, కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది. పిండిని చక్కెర చేసే పదార్థం మన లాలాజలంలోనే ఉంది. పిల్లి లాలాజలంలో అది లేదు. కాలేయంలో కూడా, భోంచేయగానే వచ్చిపడే గ్లూకోజుని చప్పున పట్టి దాచే ఏర్పాటు దానికి తక్కువ. అంతదాకా ఎందుకు, దానికి తీపి రుచే తెలియదు. తీపిని పట్టే జన్యువు పిల్లి జాతిలో పాడైపోయి ఉందని 2005లో కనిపెట్టారు. మరి మీ బిస్కెట్లు ఎందుకు తిన్నాడంటారా? వెన్న వాసనకి. తీపి మీరు తిన్నారు, షుగర్ వాడికి వచ్చింది. ఊరికే అన్నాన్లే, రెండు నెలల బిస్కెట్లతో వచ్చేది కాదిది. ఏళ్ల తరబడి నేను పెట్టిన పెరుగన్నం మాటేమిటి!

పిల్లి వేటాడే ఎలుకలో ఉండేదంతా మాంసం, కొవ్వు, నీరు. పిండి నామమాత్రం. తనకి కావలసిన గ్లూకోజుని ప్రోటీన్ నుంచే కాలేయంలో నిత్యం తయారుచేసుకుంటుంది. అందుకే షుగర్ వచ్చిన పిల్లికి పిండి బాగా తగ్గించి, ప్రోటీన్ పెంచి పెట్టమంటారు. తినే కేలరీల్లో పిండి నుంచి వచ్చేవి నూటికి పన్నెండు మించకపోతే మంచిదన్నారు.

మీరు పోయినసారి తెచ్చిన కరకరలాడే గింజల తిండి ఉంది చూశారూ, అలాంటివి గింజ ఆకారంలో నిలబడాలంటే పిండి పడాల్సిందే, వడియాలకి పిండి పట్టినట్టు. పాకెట్ మీద పిండిపదార్థం ఎంతో చాలావాటిపై వేయరు. చిన్నీ, నీకు లెక్కలంటే ఇష్టం కదా, మనమే తేల్చుదాం. ఉదాహరణకి నూరు గ్రాముల్లో ప్రోటీన్ 32, కొవ్వు 10, పీచు 4, బూడిద (అంటే ఖనిజాలు) 8, తడి 10 అని ఉందనుకో. కూడితే 64. మిగిలిన 36 పిండి. అదే తడి తిండి పౌచ్ మీద ప్రోటీన్ 9, కొవ్వు 3, పీచు 1, బూడిద 2.5, తడి 82 అని ఉంటే మొత్తం 97.5, మిగిలింది రెండున్నర. అయితే తడి తీసేసి పోల్చాలి సుమా. మొదటిదాంట్లో తడి పోగా 90లో 36, అంటే నూటికి 40. రెండోదాంట్లో 18లో 2.5, అంటే నూటికి దాదాపు 14. పైన చెప్పిన పన్నెండు కేలరీల లెక్క, ఇది బరువు లెక్క. పాకెట్ మీద కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని వేస్తారు కాబట్టి ఇది ఉజ్జాయింపే. చిక్కటి గ్రేవీ ఉన్నవాటిలో పిండి ఎక్కువ పడొచ్చు, అదీ చూడాలి.

అలాగని రోజూ ఉడికించిన చికెన్ ఒక్కటే పెట్టినా కుదరదు. వట్టి మాంసంలో కాల్షియం చాలదు. టారిన్ అని ఇంకొకటి ఉంది, అది తగ్గితే పిల్లికి కళ్లు పోతాయి, గుండె దెబ్బతింటుంది. అందుకని పూర్తి పోషకాలున్న తడి తిండే అసలు భోజనం. చికెన్ ముక్క ఉప్పు, కారం లేకుండా మురిపానికి మాత్రమే. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్క అసలే వద్దు, వాటికి రక్తం విరిగిపోతుంది. ఎండు చేపలు ఉప్పు కశం, అవీ మానేశాను. కొత్త తిండికి కూడా ఒక్కసారిగా మార్చలేదు, పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ పది రోజులు పట్టింది.

ఇంకో సంగతి, ఇది పండు చెవిలో ప్రత్యేకంగా వేస్తున్నాను. ఫ్రిజ్ తలుపులో రెండు ఇన్సులిన్ సీసాలుంటాయి. నాది మిల్లీలీటరుకి నలభై యూనిట్లది, ఎర్ర మూత సిరంజి. జున్నుది మిల్లీలీటరుకి వంద యూనిట్లది, నారింజ మూత సిరంజి. ఒకదాని సిరంజితో రెండోది తీస్తే మందు రెండున్నర రెట్లు ఎక్కువో తక్కువో అయిపోతుంది. వాడి డబ్బాకి పసుపుతాడు కట్టాను. ఏది ఏదో తెలుసుకోండి గానీ రెండూ ముట్టుకోకండి. పొద్దున ఏడుకి, రాత్రి ఏడుకి వాడు తిన్నాక నేనే వేస్తాను. ఆ పూట ముద్ద ముట్టకపోతే వెంటనే నాతో చెప్పండి, సూది ఆపి డాక్టరుకి ఫోన్ చేస్తాను. తిండిలో పిండి తగ్గిందంటే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గిపోతుంది, పాత మోతాదే వేస్తే షుగర్ ప్రమాదంగా పడిపోతుంది. అందుకే తిండి మార్చేముందే డాక్టరుతో మాట్లాడి, చెవి అంచున చుక్క రక్తం తీసి చూస్తూ మోతాదు తగ్గించుకుంటూ వచ్చాం. మొదట్లోనే పట్టుకుంటే కొన్ని పిల్లులకి ఇన్సులిన్ మానేసే రోజు కూడా వస్తుందట. మీ తాతయ్య అప్పుడే వచ్చేసినంత సంబరపడుతున్నారు. నేను మాత్రం ఇంకా లెక్క రాస్తూనే ఉన్నాను.

నేను గుడికి వెళ్లినప్పుడు వాడు తాగినవాడిలా తూలినా, వణికినా పరిగెత్తి తాతయ్యని పిలవండి. తేనె సీసా దేవుడి గూట్లో ఉంది. వేలికి రాసుకుని చిగుళ్ల మీద పూయాలి, నోట్లో పోయకూడదు, పొలమారుతుంది. ఆ వెంటనే డాక్టరు దగ్గరికి. టెన్షన్ పడకండి, ఇప్పటిదాకా ఒక్కసారీ అవసరం రాలేదు.

మీకో పని కూడా ఉంచాను. ఆదివారం ఆదివారం వాడి బరువు చూడాలి. పండు వాడిని ఎత్తుకుని మిషను ఎక్కాలి, తర్వాత ఒట్టి పండు ఎక్కాలి, చిన్ని తీసివేత చేసి క్యాలెండర్ మీద వేయాలి. పోయినవారం నాలుగు కిలోల తొమ్మిది వందలు. గాబు జోలికి వెళ్లడం బాగా తగ్గింది. మడమలు కూడా కొంచెం లేస్తున్నాయి.

మీ బిస్కెట్లు మీరు తెచ్చుకోండి, వద్దనను. అటక మీద రేకు డబ్బాలో పెడతాను. వాడు ఇంకా అంతెత్తు ఎగరలేకపోతున్నాడు.

మీ
మామ్మ