ఎడ్జ్‌వుడ్ బడి మార్కుల వెనక ఉన్న ఇంటి పన్ను కథ

టెక్సాస్‌లో ఉండే మనవాళ్లు ఇల్లు కొనేముందు మొట్టమొదట అడిగేది స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని సర్కారు బడులన్నిటినీ నడిపే సంస్థ) ఏది, రేటింగ్ ఎంత అనే. ఫ్రిస్కో, ప్లేనో, కాపెల్ అంటూ అటే వెళ్తారు, పిల్లల చదువు కాబట్టి అందులో తప్పేం లేదు. కానీ రేటింగ్ తక్కువున్న చోటు గురించి "అక్కడ పిల్లలు చదవరు, పేరెంట్స్ పట్టించుకోరు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే మాత్రం నాకు కష్టంగా ఉంటుంది. శాన్ ఆంటోనియోకి పడమటి వైపున్న ఎడ్జ్‌వుడ్ అనే చిన్న డిస్ట్రిక్ట్ మీద ఈ మాట దశాబ్దాలుగా పడుతూనే ఉంది, అందుకే దాని వెనక కథ చెప్పాలనిపించింది.

మన ఊళ్లో సర్కారు బడి టీచర్ జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, ఊళ్లో ఇంటి పన్ను ఎంత వసూలైందనే దానికీ ఆ జీతానికీ సంబంధం లేదు. అమెరికాలో అలా కాదు. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ ఒక హద్దు ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో ఆ హద్దు లోపలున్న ఇళ్లు, షాపులు, ఫ్యాక్టరీల మీద వేసే ప్రాపర్టీ ట్యాక్స్ బడి డబ్బుల్లో ఒక పెద్ద వాటా, రాష్ట్రం ఇంకో పెద్ద వాటా కలుపుతుంది, ఫెడరల్ గవర్నమెంట్ ఇంకొంచెం. ఎడ్జ్‌వుడ్ హద్దులో ఉన్నవన్నీ చిన్న చిన్న ఇళ్లే, చాలావరకు మెక్సికన్ అమెరికన్ కుటుంబాలవి. దగ్గర్లోని కెల్లీ ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉద్యోగాలిచ్చింది గానీ ఫెడరల్ భూమి మీద లోకల్ పన్ను వెయ్యడానికి లేదు. అసలు వాళ్లంతా ఆ పడమటి వైపే ఎందుకున్నారంటే, ఆ నగరంలో చాలా పేటల్లో మెక్సికన్లకీ నల్లవాళ్లకీ ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ అప్పటికే ఎవరి పేట ఏదో స్థిరపడిపోయింది.

ఇప్పుడు 1967-68 లెక్క చూడండి, ఇది తర్వాత 1973లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. ఎడ్జ్‌వుడ్‌లో దాదాపు 22,000 మంది పిల్లలు, ఒక్కో పిల్లవాడి వంతుకి వచ్చే ఆస్తి విలువ 5,960 డాలర్లు. అదే నగరంలో ధనవంతుల పేట ఆలమో హైట్స్‌లో అది 49,000 పైనే. ఎడ్జ్‌వుడ్ వాళ్లు ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టారు, ఆ నగర ప్రాంతం మొత్తంలో అదే ఎక్కువ రేటు, ఆలమో హైట్స్ వాళ్లు కట్టింది 0.85. తక్కువ రేటు కట్టిన ఆలమో హైట్స్‌కి, రాష్ట్ర కనీస నిధుల పథకానికి తన వంతుగా ఇవ్వాల్సింది పోగా, పిల్లవాడికి 333 డాలర్లు మిగిలితే, ఎక్కువ కట్టిన ఎడ్జ్‌వుడ్‌కి మిగిలింది 26. పోనీ రాష్ట్రమైనా పేదవాళ్లకి ఎక్కువిచ్చిందా అంటే ఎడ్జ్‌వుడ్‌కి 222, ఆలమో హైట్స్‌కి 225! ఫెడరల్ డబ్బు కూడా కలిపితే మొత్తం ఎడ్జ్‌వుడ్‌లో 356, ఆలమో హైట్స్‌లో 594. పేరెంట్స్ పట్టించుకోలేదని ఎవరైనా అంటే నేను ముందు ఈ పన్ను రేటే చూపిస్తాను.

ఆ డబ్బుతో బడి ఎలా ఉంటుంది? ఎడ్జ్‌వుడ్ ఎలిమెంటరీలో పై అంతస్తు వాడకానికి పనికిరాదని మూసేస్తే గబ్బిలాలు చేరాయి. డిస్ట్రిక్ట్ టీచర్లలో దాదాపు సగం మంది పూర్తి అర్హత లేకుండా ఎమర్జెన్సీ పర్మిట్ల మీద పాఠాలు చెప్తున్నవాళ్లే. 1968 మే 16న ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ పిల్లలు దాదాపు 400 మంది క్లాసులు వదిలేసి బయటికొచ్చారు, వాళ్లడిగింది పగిలిన కిటికీలు బాగుచెయ్యమని, అర్హత ఉన్న టీచర్లని పెట్టమని. ఆ వేసవిలోనే డిమిట్రియో రోడ్రిగెజ్ అనే ఆయన, కెల్లీ బేస్‌లో రేకుల పని చేసే కార్మికుడు, మరికొంతమంది తల్లిదండ్రులతో కలిసి కోర్టుకెక్కాడు.

1971లో కింది కోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు 5-4తో దాన్ని కొట్టేసింది, చదువు ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చే ప్రాథమిక హక్కు కాదని జస్టిస్ పావెల్ రాశాడు. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ గట్టిగా విభేదించాడు. ఒక్క ఓటు అటు పడుంటే దేశం మొత్తం బడి నిధుల పద్ధతి మారక తప్పేది కాదని నాకనిపిస్తుంది.

ఫెడరల్ దారి మూసుకుపోయాక 1984లో రాష్ట్ర కోర్టులో మళ్లీ కేసు వేశారు, ఈసారి టెక్సాస్ సొంత రాజ్యాంగం ఆధారంగా. 1989 అక్టోబర్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలూ ఒక్కటై ఈ పద్ధతి చెల్లదన్నారు, అప్పటికి అత్యంత ధనిక డిస్ట్రిక్ట్‌కీ అత్యంత పేద డిస్ట్రిక్ట్‌కీ మధ్య పిల్లవాడి వంతు ఆస్తి విలువలో తేడా 700 రెట్లు. రెండు చట్టాలు పుట్టి రెండూ కోర్టులో వీగిపోయాక 1993లో రాబిన్‌హుడ్ అని జనం పిలిచే చట్టం వచ్చింది, ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టులు పేద డిస్ట్రిక్టుల కోసం కొంత పన్ను డబ్బు వదులుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్లేనో అలా ఎక్కువ కడుతూ వచ్చిన వాటిలో ఒకటి, అక్కడ ట్యాక్స్ బిల్లు చూసి విసుక్కునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

డబ్బు తేడా చాలా తగ్గింది, నిజమే. కానీ అరవైల్లో సరైన బడి దొరకని పిల్లలే ఆ తర్వాత తల్లిదండ్రులయ్యారు, దాని ప్రభావం ఒక చట్టంతో పోదు కదా. పైగా 1998లో ఒక ప్రైవేట్ ఫౌండేషన్ 5 కోట్ల డాలర్లతో పదేళ్లపాటు ఎడ్జ్‌వుడ్ పిల్లలకి ప్రైవేట్ బడుల వోచర్లు, అంటే ఫీజు కట్టుకోడానికి డబ్బు, ఇస్తామని వచ్చింది, 2001లో కెల్లీ బేస్ మూతపడింది, తర్వాత చార్టర్ స్కూళ్లు, అంటే సర్కారు డబ్బుతో వేరే సంస్థలు నడిపే బడులు, పెరిగాయి. 2016లో డిస్ట్రిక్ట్‌ని నడిపే బోర్డులో గొడవలు ముదిరి రాష్ట్రమే మేనేజర్లని నియమించాల్సి వచ్చింది, ఇది మాత్రం పూర్తిగా లోకల్ నాయకుల తప్పే, దీన్ని డబ్బు మీదకి నెట్టలేం.

అప్పట్లో 22,000 మంది పిల్లలున్న ఎడ్జ్‌వుడ్‌లో ఇప్పుడు 10,000 కూడా లేరు. టెక్సాస్ డబ్బిచ్చేది రోజువారీ హాజరుని బట్టి, అంటే పిల్లలు తగ్గినా, జ్వరమొచ్చి రాకపోయినా నిధులు తగ్గుతాయి, బస్సు ఖర్చూ బిల్డింగ్ కరెంటు బిల్లూ మాత్రం తగ్గవు. ఒక్కో పిల్లవాడికి ఇచ్చే బేసిక్ మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, 2025లో పెంచింది 55 డాలర్లు. అదే ఏడాది రాష్ట్రమంతటికీ 100 కోట్ల డాలర్లతో వోచర్ల చట్టం చేశారు, 2026-27 నుంచి అమలు.