రోమన్ విల్లాల మొజాయిక్ గచ్చులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మొజాయిక్ అంటే పైకి కనిపించే బొమ్మే.

వాస్తవం: విల్లాలంటే రోమన్ సంపన్నుల పల్లెటూరి భవనాలు. వాటి గచ్చుల్లో చిన్నచిన్న రాతిముక్కలు పొదిగి బొమ్మలు కూర్చేవారు, అదే మొజాయిక్. ఆ రాతిముక్కల మందం సెంటీమీటరుకు అటూఇటూ. గచ్చును నిలబెట్టేది కిందున్న సున్నపు పొరలే. క్రీ.పూ. 1వ శతాబ్దపు వాస్తుశిల్పి విత్రూవియస్ చెప్పిన పద్ధతి ఇది: నేలను దిమ్మిస కొట్టి, పిడికిలికి తగ్గని రాళ్లు పరవాలి. వాటిపై 3 పాళ్ల కంకర, 1 పాలు సున్నం. ఈ పొర దిమ్మిస కొట్టాక కూడా దాదాపు 22 సెం.మీ. ఉండాలి. ఆపైన 3 పాళ్ల నలగ్గొట్టిన మట్టి పెంకులు, 1 పాలు సున్నంతో ఆరు వేళ్ల మందం, అంటే సుమారు 11 సెం.మీ. చివర్న పలచని సున్నపు పూత పచ్చిగా ఉండగానే ముక్కలు పొదుగుతారు. కాల్చిన మట్టి పొడి సున్నంతో కలిస్తే తడిలోనూ గట్టిపడుతుంది. మన పాత మేడల సున్నంలో ఇటుక పొడి కలిపిందీ అందుకే. అయితే తవ్వకాల్లో ఈ కొలతలు అచ్చంగా దొరకడం అరుదు.

అపోహ: రంగులన్నీ పాలరాయి, గాజు.

వాస్తవం: బ్రిటన్ విల్లాల్లో తెలుపుకు సుద్దరాయి, ఎరుపుకు పెంకు ముక్కలు, బూడిద రంగుకు దగ్గర్లో దొరికే సున్నపురాయి వాడారు. గాజు ఎక్కువగా గోడలకూ ఫౌంటెన్లకూ వెళ్లింది.

అపోహ: విల్లా అంతటా మొజాయిక్ ఉండేది.

వాస్తవం: సాధారణంగా అతిథులు చూసే గదులకే. సిసిలీలోని విల్లా రొమానా దెల్ కాసాలెలో సుమారు 3,500 చదరపు మీటర్లు ఉన్నాయంటే అది అసాధారణ వైభవం.

అపోహ: ఊడిన చోట సిమెంటు పెడితే శాశ్వతం.

వాస్తవం: ఇంతకంటే హాని చేసిన నమ్మకం లేదు. నేలలోని తేమ సిమెంటులోంచి బయటికి రాలేక పక్కనున్న పాత సున్నం గుండా ఆవిరవుతుంది. ఆ దారిలో ఉప్పు స్ఫటికాలు పెరిగి సున్నాన్ని పొడి చేస్తాయి. 20వ శతాబ్దంలో ఎన్నో మొజాయిక్‌లను ఊడదీసి, ఇనుప ఊచలు వేసిన కాంక్రీటు పలకలపై అతికించారు. ఊచలు తుప్పు పట్టి ఉబ్బి, పలకతోపాటు బొమ్మనూ చీల్చాయి.

సరైన మరమ్మతు సున్నంతోనే. వేలితో మెల్లగా తట్టి డొల్ల శబ్దం వచ్చే చోట్లు గుర్తించండి. ముందు అంచులకు హైడ్రాలిక్ సున్నం (తడిలోనూ గట్టిపడే రకం), ఇసుక కలిపిన గార కట్టాలి. లేదంటే తర్వాత సిరంజితో డొల్లలోకి ఎక్కించే పలచని సున్నం పక్కనుంచి కారిపోతుంది. లోపలి దుమ్ము కడిగి, తడిపి మరీ ఎక్కించాలి. ఎండిన పాత సున్నం నీటిని పీల్చేస్తే కొత్తది అతకదు. గారను కొన్ని రోజులు తడిగుడ్డ కింద ఉంచండి. త్వరగా ఎండితే బీటలిస్తుంది.

అపోహ: నీళ్లు చల్లి రంగులు తేల్చడంలో తప్పులేదు.

వాస్తవం: పదేపదే తడిసి ఆరితే లోపలి ఉప్పు పైకొచ్చి తెల్లగా పేరుకుంటుంది. దాన్ని ఆసిడ్‌తో కడిగితే సున్నపురాయే కరుగుతుంది.

అపోహ: తవ్వి తీసి మళ్లీ మట్టి కప్పడం దండగ.

వాస్తవం: కప్పు వేసి, ఏటా చూసుకునే మనుషులు లేనిచోట అదే ఉత్తమం. 2020లో ఇంగ్లండ్‌లోని రట్‌లాండ్‌లో గ్రీకు పురాణాల ట్రోయ్ యుద్ధవీరులు అకిలీస్, హెక్టర్ల పోరు ఉన్న 11 మీటర్ల మొజాయిక్ బయటపడింది. పరిశీలించాక దాన్నీ పూడ్చే ఉంచారు. కప్పేముందు వదులైన అంచులు కట్టి, మొక్కల వేళ్లు తీసేయాలి. గచ్చును ఆనుకుని జల్లించిన ఇసుక వేసి, పైన మట్టి తగినంత మందంగా పోయాలి. పలచగా పోస్తే గడ్డి వేళ్లు మళ్లీ ముక్కల సందుల్లోకి దిగుతాయి.