వీల్‌చైర్ కొంటే ఇక నడవరా? వెన్నుపాము గాయంపై అపోహలు, వాస్తవాలు

"ఆపరేషన్ సక్సెస్ అన్నారు కదండీ, మరి కాళ్లెప్పుడు కదులుతాయి?" రోజువారీ పనులు తిరిగి చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పదిహేడేళ్లుగా వెన్నుపాము గాయపడినవారితో పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగేది చాలావరకు తల్లి గానీ భార్య గానీ అయి ఉంటారు. అప్పటికి రెండు మూడు వారాలుగా వారికి కంటినిండా నిద్ర ఉండదు. వారిని తప్పుపట్టలేను. రాడ్లు, స్క్రూలు వేసేది విరిగిన వెన్నుపూసలు కదలకుండా నిలబెట్టడానికి, వెన్నుపాము మీద ఒత్తిడి తీసేయడానికి మాత్రమే. నలిగిపోయిన వెన్నుపామును తిరిగి అతికించే ఆపరేషన్ లేదన్న సంగతి డిశ్చార్జి కాగితాలు చేతికిచ్చేటప్పుడు ఎవరైనా ఐదు నిమిషాలు కూర్చుని చెప్పవలసింది.

నాకు కోపం తెప్పించేది పరామర్శకు వచ్చినవారు వదిలి వెళ్లే మాట: "వీల్‌చైర్ ఇంట్లోకి వచ్చిందంటే ఇక నడవడని ఒప్పుకున్నట్టే." నేను చూసినంతలో కుటుంబాలకు ఇంతకంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ మరొకటి లేదు. ఈ మాట నమ్మి మనిషిని ఎనిమిది నెలలు, ఏడాది మంచానికే పరిమితం చేసినవారు ఎందరో ఉన్నారు. అంతకాలమూ ఇంట్లో పెళ్లిళ్లు, చదువులు, అప్పులు, పనులు అన్నీ "వాడు లేచి నడిచాక" అన్న గడువుకు వాయిదా పడుతూ ఉంటాయి.

కుర్చీ నడకను ఆపదు. గాయం ఏ స్థాయిలో ఉంది, పూర్తిదా, పాక్షికమా అన్నదాన్ని బట్టి కోలుకోవడం ఉంటుంది. గాయానికి దిగువన, ముఖ్యంగా మలద్వారం దగ్గర, కొంత స్పర్శో కదలికో మిగిలి ఉంటే అవకాశం ఎక్కువ; తిరిగి వచ్చే బలంలో పెద్ద భాగం మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలల్లో వస్తుంది, ఆ తరువాత కూడా నెమ్మదిగా కొంత రావచ్చు. వీటిలో ఏ ఒక్కదాన్నీ కుర్చీ మార్చదు, మంచం మాత్రం మారుస్తుంది. నడుము కింద ఎముక దగ్గర పుండు పడుతుంది, పాదాలు కిందికి వాలి మడమ వెనుక స్నాయువు బిగుసుకుపోతుంది, తల ఎత్తగానే బీపీ పడిపోతుంది. ఐదో నెలలో కాళ్లలోకి బలం వచ్చినా పాదం నేలకు ఆనక నిలబడలేకపోయినవారిని నేను చూశాను. నడక కోసమే కుర్చీ వద్దనుకున్న కుటుంబాలు అవి.

కూర్చోబెడితే కళ్లు తిరిగాయని మళ్లీ పడుకోబెట్టేయకండి. పొట్టకు బెల్టు కట్టి, మంచం తలవైపు రోజుకు కాస్త కాస్త ఎత్తుతూ అలవాటు చేయాలి. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో ఉన్నప్పుడు ప్రతి పావుగంటకో అరగంటకో ముందుకు గానీ పక్కకు గానీ ఒరిగి, ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీద భారం తీసేయాలి. స్పర్శ లేని చోట నొప్పి హెచ్చరించదు కాబట్టి రాత్రి పడుకునే ముందు అద్దంతోనో ఫోను కెమెరాతోనో చర్మాన్ని చూసుకోవాలి.

ఈ ఎదురుచూపులోంచే మరో భ్రమ పుడుతుంది. కొన్ని వారాల తరువాత కాళ్లు వాటంతటవే ముడుచుకోవడం, ఎగరడం మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ నరాలు తిరిగి వస్తున్నాయని దేవుడికి కొబ్బరికాయ కొడతారు. ఆ సంతోషం మీద నీళ్లు చల్లడం నా పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. మెదడు అదుపు అందకపోయినా గాయం కింద ఉన్న వెన్నుపాము తన రిఫ్లెక్సులను, అంటే అసంకల్పిత కదలికలను, తానే నడుపుకుంటుంది. ఆ స్పాజమ్స్ మన ఇష్టంతో వచ్చే కదలిక కాదు. అవి ఉన్నట్టుండి పెరిగితే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, కనిపించని పుండో ఉందేమో చూడాలి.

సరిగ్గా ఈ దశలోనే ఎవరో ఒకరు స్టెమ్‌సెల్ (మూలకణ) ఇంజక్షన్ల వీడియో పంపుతారు, ఆ ఖర్చు కోసం పొలం బేరానికి వస్తుంది. 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగతాదంతా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే చికిత్స పనిచేస్తుందో లేదో పరీక్షించే అధ్యయనంలోనే, జరగాలి. ట్రయల్‌లో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే లేచి రండి.

శ్రీకాళహస్తి వైపు నుంచి ఒక కలంకారీ కళాకారుడు నా దగ్గరకు వచ్చారు. మామిడిచెట్టు మీద నుంచి పడి మెడ దగ్గర, సీ6 (మెడలోని ఆరో నరం) స్థాయిలో, గాయమైంది. ఎనిమిది నెలలుగా మంచంలోనే ఉన్నారు. ఈ స్థాయిలో వేళ్లు కదలవు గానీ మణికట్టు పైకి లేస్తుంది, అలా లేచినప్పుడు వేళ్లు వాటంతటవే దగ్గరకు ముడుచుకుంటాయి. టీనోడీసిస్ అనే ఈ పట్టుతోనే చెంచా పట్టుకోవాలి, బ్రష్ పట్టుకోవాలి. అయితే ఆయన కుడిచేతికి ఆ పట్టు లేదు. ఆయన బావమరిది రోజూ నూనె రాసి, మణికట్టు వెనక్కి వంచి, వేళ్లను చాపి చాపి చదును చేశాడు, పట్టుకు కావలసిన బిగువు పోయింది. పాపం, అంతా ప్రేమతోనే చేశాడు. మంచం ఎడమవైపు గోడకు ఆనుకుని ఉండడం వల్ల ఎడమచేయి అతనికి అందలేదు. ఆ చేతిలో పట్టు మిగిలింది.

నేను మొదట బొమ్మల జోలికి పోలేదు. ఇంటి లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉందని అడిగాను. ఎనిమిది నెలలుగా ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు, కూతురి కాలేజీ ఫీజు కట్టిన సంగతి కూడా తరువాతే చెప్పారు. ఆయనను బాధ పెట్టకూడదని భార్య అనుకుంది. తాను ఇక ఈ ఇంట్లో లేనట్టేనని ఆయన అనుకున్నాడు. అన్నం తినిపించడం, ఒళ్లు తుడవడం ఎంత శ్రద్ధగా చేసినా, మనిషిని అడగడం మానేస్తే ఆ సేవే అతణ్ణి ఇంటి పెద్దరికం నుంచి దించేస్తుంది. ఆ వారం నుంచి ఫోను, లెక్కల పుస్తకం, కొనుగోలుదారులతో మాట్లాడడం ఆయనకే అప్పగించమన్నాను.

పని తిరిగి మొదలవడానికి మరో నాలుగు నెలలు పట్టింది. వెదురు కలానికి చుట్టిన గుడ్డను నొక్కితేనే కసిమి, అంటే కలంకారీ నల్ల రంగు, దిగుతుంది. ఆ నొక్కుడు బలం ఆయన వేళ్లకు లేదు. కానీ మొదటి గీతలు గీసేది చింతపుల్లల బొగ్గుతో, దానికి ఒత్తిడి అక్కర్లేదు. బొగ్గును అరచేతి పట్టీలో దోపి, ఎడమచేత్తో భుజం నుంచి గీయడం నేర్చుకున్నారు. ఆ గీతల మీద భార్య, కూతురు కసిమి నడుపుతారు. కుండలో ఇనుము, బెల్లం నాని కసిమి పాకానికి వచ్చిందా లేదా అన్నది కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఒక్క గీత గీయించి ఆయన చూసి చెబుతారు. ఇంట్లో ఇన్నాళ్లూ పని ఆగింది చేతులు లేక అనుకున్నారు గానీ, ఆగింది ఆ చూపు అందుబాటులో లేకనే. పోయినసారి వచ్చినప్పుడు ఆయన నడక గురించి ఒక్క మాటే అడిగారు, బల్ల ఎత్తు గురించి ముప్పావుగంట మాట్లాడారు.

కుర్చీలో ఉన్నా పని ఆగదన్న విషయం నేను చదువుకున్న వేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ ఎప్పుడో రుజువు చేశారు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ తరువాత ఆమె వీల్‌చైర్‌లోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో అక్కడ వెలసిన పునరావాస సంస్థకు ప్రాణం పోశారు. మన చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాల నుంచి బస్సెక్కి వెళ్లిన ఎందరో మళ్లీ కూర్చోవడం నేర్చుకున్నది ఆమె వేసిన దారిలోనే.

మిగతావి త్వరగా చెబుతాను. సదరం సర్టిఫికెట్ తీసుకుంటే వికలాంగుడన్న ముద్ర పడుతుందని ఆగకండి. అది లేకపోతే పింఛను రాదు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో కల్పించిన 4 శాతం రిజర్వేషనూ అందదు. రోజుకు నాలుగైదు సార్లు గొట్టం వేసి మూత్రం తీసుకోవడం వల్ల కిడ్నీలు పాడవుతాయన్నది తలకిందులు మాట. నిండిన మూత్రాశయాన్ని అలాగే వదిలేస్తేనే పాడవుతాయి. ఛాతీ మధ్యభాగం, అంటే టీ6, అంతకంటే పైన గాయం ఉన్నవారికి హఠాత్తుగా తలపోటు, చెమటలు వస్తే దిష్టి తీస్తూ కూర్చోకండి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం మడతపడిందేమో చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీపీ ప్రాణం మీదికి తెచ్చేంత పెరగవచ్చు.

చివరిది, ఎవరూ పైకి అడగనిది: ఇక సంసారం, పిల్లలు ఉండరన్నది. స్త్రీలలో కొన్ని నెలల తరువాత నెలసరి సాధారణంగా తిరిగి వస్తుంది, గర్భం దాల్చగలరు, ప్రసవించగలరు. పురుషులలో వీర్యస్ఖలనం చాలామందికి కష్టమవుతుంది, కానీ వైబ్రేటర్ పద్ధతి మొదలుకొని ఐవీఎఫ్ దాకా మార్గాలున్నాయి. వాటి గురించి మాట్లాడే గదిలోకి భార్యాభర్తలు ఇద్దరే రావాలి. వెంట వచ్చిన పెద్దలకు బయట బెంచీ ఉంది, టీ కూడా దొరుకుతుంది.