పొగ మెదడును కూడా వదలదు: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో న్యూరాలజిస్టుగా పనిచేస్తున్నాను. మతిమరుపుతోనో పక్షవాతంతోనో వచ్చినవాళ్లను బీపీ, షుగర్ గురించి అడిగాక, ఇంట్లో వంట దేని మీద చేస్తారని కూడా అడుగుతాను. "తలకాయకూ పొయ్యికీ ఏం సంబంధం సార్?" అంటారు. సంబంధం ఉంది.

అపోహ: పొగతో పాడయ్యేది ఊపిరితిత్తులే.

వాస్తవం: బొగ్గు లారీ లేపే పెద్ద దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. పీఎం 2.5 అనే సన్నటి కణాలు ఆగవు. వెంట్రుక మందంలో ఇవి దాదాపు ముప్ఫయ్యో వంతు. ఊపిరితిత్తుల లోతుకు పోతాయి, వాటిలో మరీ సన్నవి రక్తంలోకి దిగుతాయి. వాసన పట్టే నరం ముక్కు పైభాగం నుంచి నేరుగా మెదడుకు వెళ్తుంది కాబట్టి అదీ ఒక దారే. కణం మెదడు దాకా చేరకపోయినా, ఊపిరితిత్తుల్లో రేగిన వాపు ప్రభావం రక్తనాళాల మీద పడుతుంది. పక్షవాతం ముప్పు పెరగడానికి ఇదొక కారణం.

అపోహ: మాది పల్లె, గాలికేం కాదు.

వాస్తవం: నర్సంపేట, ములుగు వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ మాట ఎక్కువగా అంటారు. కిటికీ లేని వంటింట్లో కట్టెల పొయ్యి, పైన దూలాలకు వేలాడే మసి. ఆ మసి పట్టే గాలినే అమ్మ, పక్కన కూర్చున్న పసిపిల్ల రోజూ పీలుస్తారు. సిలిండర్ వచ్చిన ఇళ్లలోనూ స్నానాల నీళ్లకు కట్టెలే వాడతారు. వరి కోశాక కొయ్యకాళ్లకు, పత్తి ఏరాక పత్తి కట్టెకు నిప్పు పెడతారు. చలికాలం ఆ పొగ పైకి పోక ఊరి మీదే ఉంటుంది. రాత్రి తలుపులేసి దోమల కాయిల్ వెలిగిస్తాం. ఒక్క కాయిల్ వదిలే సన్నటి కణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. నన్నడిగితే ముందు మానాల్సింది ఇదే. దోమతెర కట్టుకోండి.

అపోహ: మతిమరుపు ముసలితనంలో వచ్చేది, పిల్లలకేం భయం?

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే. స్కాట్లాండ్‌లో గర్భస్థ శిశువుల మెదడులోనే మసి కణాలు కనిపించాయని 2022లో ప్రచురించారు. బార్సిలోనాలో 39 బళ్లలో 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 2,715 మందిని ఏడాది పాటు గమనించారు. ట్రాఫిక్ పొగ ఎక్కువున్న బళ్లలో పిల్లల పనిజ్ఞాపకం, అంటే విన్నది మనసులో ఉంచుకుని లెక్క చేసే శక్తి, 7.4 శాతమే పెరిగింది. తక్కువున్నచోట 11.5 శాతం పెరిగింది. బడి వదిలే వేళ గేటు ముందు ఇంజిన్ ఆపని ఆటోవాళ్లకు, బస్సువాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

అపోహ: మొహానికి తువ్వాల చుట్టుకుంటే చాలు.

వాస్తవం: చాలదు. సన్నటి కణాలు గుడ్డలోంచి దూరిపోతాయి. మొహానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్క్ కావాలి.

అపోహ: ఇన్నేళ్లు పీల్చాం, ఇప్పుడు మానితే ఏం లాభం?

వాస్తవం: అమెరికాలో 74 నుంచి 92 ఏళ్ల మహిళల మీద చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. గాలి బాగుపడిన ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు తక్కువగా కనిపించింది. అలాగని ప్రతి మతిమరుపునూ పొగ మీదికి తోసేయకండి. బీ12, థైరాయిడ్ లోపాలతో వచ్చే మరుపు మందులతో తగ్గవచ్చు. పరీక్షలు చేయించండి, మీ వంటిల్లు ఎలా ఉంటుందో డాక్టరుకు చెప్పండి.