తాజా కూరగాయల కొట్టు ఆ పేటకి ఎందుకు రాలేదు

అమెరికా, బ్రిటన్ నగరాల్లో ఒక తిరకాసు చాలాకాలంగా ఉంది. డబ్బున్నవాళ్లు ఉండే చోట పళ్లు, కూరగాయలు తాజాగా, చవకగా దొరుకుతాయి. పేదవాళ్లు ఉండే చోట అవి దొరకవు, దొరికినా రేటెక్కువ, సగం వాడిపోయి ఉంటాయి. "కొనేవాళ్లు లేకపోతే కొట్టెవరు పెడతారు, మార్కెట్ అంతే" అనేది అందరికీ తేలిగ్గా తోచే జవాబు. ఆ జవాబు సరిపోదు. ఏ పేటకి ఏ కొట్టు వస్తుందన్నది చాలావరకు బ్యాంకుల్లో, రోడ్ల ప్లాన్లలో, స్థలాల దస్తావేజుల్లో తేలిపోయింది. ఆ నిర్ణయాలు జరిగిన గదుల్లో తిండి ప్రస్తావనే వచ్చి ఉండదు.

ముందు కొట్టు సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో కిరాణా కొట్టంటే కౌంటర్ వెనక ఒక గుమాస్తా. కావాల్సినవి చెబితే తూచి ఇచ్చేవాడు. తెలిసిన ఇంటికి అరువు పెట్టేవాడు, సరుకు ఇంటికీ పంపేవాడు. 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ తెరిచి, కొనేవాళ్లే అరల మధ్య తిరిగి సరుకు తీసుకునే పద్ధతి పెట్టాడు. 1930లో న్యూయార్క్ క్వీన్స్‌లో మైకేల్ కల్లెన్ దాన్ని సూపర్‌మార్కెట్ చేశాడు. అద్దె తక్కువ ఉన్న చోట పెద్ద హాలు, కార్లు ఆపడానికి స్థలం, లాభం తక్కువ, అమ్మకం ఎక్కువ. ధరలు నిజంగానే తగ్గాయి. అయితే అరువు పోయింది, ఇంటికి పంపడం పోయింది. మోత, ప్రయాణం కొనేవాళ్ల మీద పడ్డాయి. కారు, ఫ్రిజ్, వారం సరుకు ఒకేసారి కొనే డబ్బు ఉన్న ఇంటికే ఆ చవక పూర్తిగా అందింది.

ఆ మూడూ ఎవరికి సమకూరాయన్నది ఇంటి అప్పులతో ముడిపడిన సంగతి. ఆర్థిక మాంద్యంలో ఇళ్లు పోగొట్టుకుంటున్నవాళ్ల కోసం 1933లో ఫెడరల్ ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్‌ని పెట్టింది. అది 200కి పైగా నగరాలకి మ్యాపులు గీయించి, పేటలను నాలుగు గ్రేడ్లుగా విడదీసింది. ఆఖరి గ్రేడుకి ఎరుపు రంగు, అంటే అప్పుకి ప్రమాదకరమైన చోటని. నల్లజాతివాళ్లు ఉన్న పేటలకి దాదాపు ఎప్పుడూ ఎరుపే పడింది. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి అప్పులకి పూచీ పడింది కానీ, ఇలాంటి పేటలను పక్కన పెట్టింది. ఊరి బయట కొత్తగా లేస్తున్న, తెల్లవాళ్లకి మాత్రమే అమ్మే కాలనీలకి మాత్రం ధారాళంగా పూచీ ఇచ్చింది. మ్యాపుల వల్ల ఎంత నష్టం, పూచీ నిరాకరణ వల్ల ఎంత నష్టం అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగలేదు. నాకు రెండోదే ఎక్కువ బరువుగా కనిపిస్తుంది, ఎందుకంటే డబ్బు కదిలింది అక్కడే. 1956 చట్టంతో జాతీయ రహదారులు వచ్చాయి. స్తోమత ఉన్న తెల్ల కుటుంబాలు బయటి కాలనీలకి మారాయి, వాళ్ల వెనకే సూపర్‌మార్కెట్లూ వెళ్లాయి. అప్పుల్లో, ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షని 1968లో చట్టం నిషేధించింది. అప్పటికే ఒక తరం ఆస్తి కూడబెట్టుకుంది, ఇంకో తరానికి ఆ అవకాశం లేకుండా పోయింది.

ఇదంతా ఒక్కచోట చూడాలంటే పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్‌కి వెళ్లాలి. నల్లజాతివాళ్ల వ్యాపారాలతో, సంగీతంతో కిటకిటలాడిన పేట అది. పట్టణ పునర్నిర్మాణం పేరుతో 1956 నుంచి దాని కింది భాగాన్ని కూలగొట్టారు. సుమారు 8,000 మంది ఇళ్లు వదిలారు, 400 దాకా వ్యాపారాలు పోయాయి. ఆ స్థలంలో 1961లో పెద్ద అరీనా తెరిచారు. వాడుక ఖాతాలతో, తెలిసిన ముఖాలతో నడిచే చిన్న కొట్లు చెదిరిపోతే మళ్లీ అతకవు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత జరిగిన అల్లర్లలో మిగిలినవీ దెబ్బతిన్నాయి. 2013కి ముందు దాదాపు 30 ఏళ్లు అక్కడ పూర్తి స్థాయి సూపర్‌మార్కెట్ లేదు.

అదే 1968లో, అంతకు ముందు ఏడాది అల్లర్ల కారణాల మీద ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్ తన రిపోర్టులో ఈ పేటల కొట్ల గురించి విడిగా రాసింది. నాసిరకం సరుకుకి ఎక్కువ డబ్బు లాగుతున్నారన్న కోపం ఆ వీధుల్లో ఉందని నమోదు చేసింది. తిండి అందుబాటుని ప్రభుత్వం పట్టించుకోవడం మొదలెట్టడానికి దశాబ్దాల ముందే జనం దాన్ని ఫిర్యాదుగా చెప్పారన్నమాట. చెప్పి ఊరుకోలేదు కూడా. 1969లో ఓక్లాండ్‌లో, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ పిల్లలకి ఉచితంగా పొద్దుటి టిఫిన్ పెట్టడం మొదలుపెట్టింది. అదే ఏడు మిసిసిపీలో పౌరహక్కుల నాయకురాలు ఫ్యానీ లూ హేమర్ పేదల కోసం సహకార పొలం ప్రారంభించారు.

ఊరూరా బ్రాంచీలున్న పెద్ద కిరాణా కంపెనీలు వెళ్లిపోవడంలో జనం పెద్దగా చూడని విషయం ఒకటుంది. కొట్టు మూసేటప్పుడు ఆ స్థలం అమ్మకం దస్తావేజులో, ఇక్కడ ఇన్నేళ్ల పాటు ఇంకెవరూ కిరాణా కొట్టు పెట్టకూడదని షరతు రాయించేవాళ్లు. తమ ఇంకో బ్రాంచికి పోటీ రాకూడదని. కొట్టు పోవడం ఒక నష్టం. దాని చోటు ఇంకొకరు తీసుకోలేకపోవడం రెండో నష్టం, అదీ కాగితం మీద సంతకం పెట్టి చేసింది. ఇది చదివాక మార్కెట్ అంతే అన్న మాట నాకు మింగుడు పడదు.

చిన్న కొట్లని ఇంకో చట్టం కొంతకాలం కాపాడింది. 1936లో వచ్చిన రాబిన్సన్-పాట్‌మన్ చట్టం, సరుకు సప్లై చేసేవాళ్లు పెద్ద కంపెనీలకి ఒక ధర, చిన్న కొట్టుకి ఇంకో ధర పెట్టకుండా ఆపింది. 1980ల నుంచి దాన్ని అమలు చేయడం దాదాపు మానేశారు. టోకు ధరలోనే వెనకబడ్డ చిన్న కొట్టు పేదవాళ్ల పేటలో చవకగా ఎలా అమ్మగలదు?

బ్రిటన్ దారి వేరు, చేరింది మాత్రం అలాంటి చోటికే. తయారీదారు చెప్పిన ధరకే అమ్మాలన్న పద్ధతిని 1964 చట్టం చాలావరకు రద్దు చేసింది. ధర తగ్గించగల పెద్ద కొట్లు గెలిచాయి. 1980ల్లో అవి ఊరి బయట, కారులో వెళ్లేవాళ్ల కోసం లేచాయి. ప్రభుత్వ ఇళ్ల కాలనీల్లో చిన్న కొట్లు మూతపడ్డాయి. 1990ల మొదట్లో స్కాట్లాండ్‌లో అలాంటి కాలనీలో ఉండే ఒకరు తమ పరిస్థితిని ఫుడ్ డెజర్ట్, అంటే తిండి దొరకని ఎడారి, అన్నారని చెబుతారు. 1990ల మధ్యకల్లా ఆ మాట ప్రభుత్వ పత్రాల్లోకి ఎక్కింది. 1996లో ఊరి బయటి పెద్ద కొట్ల అనుమతులు బిగించారు, 1998లో అచెసన్ రిపోర్టు ఆరోగ్య అసమానతల లెక్కలోకి తిండి అందుబాటుని తెచ్చింది. 2000లో లీడ్స్‌లోని సీక్రాఫ్ట్‌లో పెద్ద సూపర్‌మార్కెట్ వచ్చినప్పుడు, అంతవరకు బాగా తక్కువ తినేవాళ్లు పళ్లు, కూరగాయలు కొంచెం ఎక్కువ తిన్నారని తేలింది. గ్లాస్గోలో మాత్రం కొత్త కొట్టు వచ్చిన పేటనీ, రాని పేటనీ పోల్చి చూస్తే పెద్ద తేడా కనబడలేదు.

అమెరికాలో 2004లో పెన్సిల్వేనియా, కొట్లు లేని పేటల్లో కొత్తవి పెట్టేవాళ్లకి అప్పులు, గ్రాంట్లు ఇచ్చే పథకం తెచ్చింది. 2008 వ్యవసాయ చట్టం ఈ సమస్యని అధ్యయనం చేయమని వ్యవసాయ శాఖకి చెప్పింది. సూపర్‌మార్కెట్‌కి మైలు కంటే దూరంలో, కారు లేకుండా 23 లక్షల కుటుంబాలు ఉన్నాయని 2009లో ఆ శాఖ లెక్క తేల్చింది. 2011లో మ్యాపు పెట్టింది. నగరంలో ఒక మైలు, పల్లెలో పది మైళ్లు అన్నది కొలత. మ్యాపు వచ్చాక పరిష్కారం తేలికైపోయినట్టు కనిపించింది. మ్యాపులో కొట్టు లేని చోట ఒక కొట్టు తెరువు, అంతే.

హిల్ డిస్ట్రిక్ట్‌లో 2013లో నిజంగానే సూపర్‌మార్కెట్ తెరిచారు. పరిశోధకులు ముందూ వెనకా జనం తిండిని కొలిచారు. తీపి, క్యాలరీలు తగ్గాయి, పేట మీద జనానికి సంతృప్తి పెరిగింది. కానీ ఆ కొట్టుకి తరచూ వెళ్లేవాళ్లకీ, వెళ్లనివాళ్లకీ మార్పులో తేడా లేదు. పళ్లు, కూరగాయల వాడకం పెరగలేదు. 2019లో ఆ కొట్టు మూతపడింది.

అదే ఏడాది అమెరికా ఆర్థికవేత్తలు కొందరు పెద్ద అధ్యయనం ప్రచురించారు. ధనికులకి దొరికే సరుకు, అదే ధరకి పేదలకి అందుబాటులో ఉంచినా ఇద్దరి తిండి మధ్య తేడా సుమారు 10 శాతమే తగ్గుతుందని అందులో తేలింది. దాన్ని పట్టుకుని, చూశారా, లోపం కొట్టులో లేదు, జనం అలవాట్లలోనే ఉంది అన్నవాళ్లు బయల్దేరారు. లెక్క సరైనదే, దాని నుంచి వాళ్లు తీసిన అర్థం మీదే నా అభ్యంతరం. అలవాటు గాల్లోంచి రాదు. తరాల పాటు ఒక పేటలో దొరికినవే వండి, పెరిగి, పిల్లల్ని పెంచితే అవే ఇష్టాలవుతాయి. పాడయ్యే సరుకు కొని పిల్లలు తినకపోతే ఆ డబ్బు నష్టం భరించగల ఇల్లు ఒకటి, భరించలేని ఇల్లు ఇంకొకటి. రెండు ఉద్యోగాలు చేసి వచ్చిన మనిషికి వండే ఓపిక ఎంతుంటుందన్నది కూడా ఆ లెక్కలో అలవాటు కిందకే పోతుంది. నా దృష్టిలో ఈ అధ్యయనం చెప్పేది ఒక్కటే. 80 ఏళ్ల నిర్ణయాలని ఒక రిబ్బన్ కత్తిరింపు వెనక్కి తిప్పలేదు.

మరి ఏం పనికొచ్చింది? 2009లో తల్లులకి, పసిపిల్లలకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే విక్ పథకంలో పళ్లు, కూరగాయలు చేర్చి, ఆ పథకం కింద అమ్మే కొట్లు అవి ఉంచాలని నిబంధన పెట్టారు. కొనేవాళ్ల చేతికి డబ్బు, కొట్టుకి షరతు రెండూ కలిసేసరికి చిన్న కొట్లలోనూ సరుకు మారిందని పరిశీలనల్లో కనబడింది. 2018లో టల్సా నగరం ఉత్తర భాగంలో, తాజా సరుకు కొట్లకి చోటు మిగలాలని, చవక సరుకుల డాలర్ స్టోర్లు ఒకదానికొకటి మైలు లోపు పెట్టకుండా కట్టడి చేసింది.

అందరికంటే లోతుగా వెళ్లింది బ్రెజిల్‌లోని బెలో హొరిజాంచి. 1993లో మేయర్ పత్రూస్ అననియాస్ హయాంలో తిండిని పౌరుల హక్కుగా ఒప్పుకుని, దానికోసం నగరపాలికలో ఒక విభాగాన్నే పెట్టారు. తక్కువ ధరకి భోజనం పెట్టే ప్రజా రెస్టారెంట్లు వచ్చాయి. నగరం తన స్థలాలను కూరగాయల వ్యాపారులకి ఇచ్చి, కొన్ని సరుకుల ధర తానే నిర్ణయించింది. రద్దీ ఉన్న మంచి చోటు దక్కించుకున్న వ్యాపారి, వారాంతాల్లో అంచున ఉన్న పేదవాళ్ల పేటలకి కూడా సరుకు తీసుకెళ్లి అమ్మాలన్నది ఒప్పందంలోని షరతు. ఈ మొత్తానికి అయిన ఖర్చు నగర బడ్జెట్‌లో 2 శాతం లోపే.