కంపైలర్‌ది జీపీఎల్ అయితే మన ప్రోగ్రాముదీ జీపీఎలేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను బరంపురంలో ఎలక్ట్రానిక్ కాటాలకు ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలే ఉండి దానిని నడిపే ప్రోగ్రాము, రాస్తాను. పర్లాకిమిడి, రాయగడల నుంచి వచ్చి ఈ పని నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లలలో కొందరు కంపైలర్ (మనం రాసిన కోడును యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము) లైసెన్సుకు భయపడి మంచి పనిముట్టును వదిలేస్తున్నారు, మరికొందరు అంతా ఉచితమేనని చదవకుండానే సరుకు పంపేస్తున్నారు. రెండూ నాకు బాధ కలిగించే సంగతులే.

అపోహ: జీసీసీ అనే కంపైలర్ జీపీఎల్ (తన కోడు కలిసిన ప్రోగ్రామును పంపిణీ చేస్తే దాని సోర్సునూ ఇవ్వాలనే లైసెన్సు) కింద ఉంది కనుక, దానితో కంపైల్ చేసిన ప్రోగ్రాము సోర్సును, అంటే మనం రాసిన అసలు కోడును, బయటపెట్టవలసిందే.

వాస్తవం: అక్కరలేదు. బరంపురం పట్టుచీర నేసిన మగ్గం ఎవరిదైనా చీర మీద మగ్గానికి హక్కు రాదు. ఒక ప్రోగ్రామును నడిపితే వచ్చే ఫలితంలో ఆ ప్రోగ్రాము భాగమే కలిసి ఉంటే తప్ప అది జీపీఎల్ పరిధిలోకి రాదని, 2007లో వెలువడిన మూడవ వెర్షన్ రెండవ సెక్షన్ చెబుతోంది. చిక్కంతా ఆ ‘తప్ప’ దగ్గరే ఉంది. చిన్న పరికరాలలో వాడే కార్టెక్స్-ఎం0 ప్రాసెసర్‌కు భాగహారం చేసే ఇన్‌స్ట్రక్షన్ లేదు. అందువల్ల మనం సీ భాషలో ఒక చరరాశిని మరొక దానితో భాగించిన చోట కంపైలర్ తనతో వచ్చే సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీలోని ఫంక్షన్‌ను పిలుస్తుంది, ఆ కోడు మన బైనరీలో (ప్రాసెసర్ నడిపే తుది ఫైలులో) చేరి కాటాతోపాటు కొనుగోలుదారు ఇంటికి వెళుతుంది. అంటే చీరలో మగ్గం వారి నూలు కూడా పడిందన్నమాట. ఆ నూలుకు ప్రత్యేకంగా ఇచ్చిన అనుమతే 2009 మార్చి 31 నాటి జీసీసీ రన్‌టైమ్ లైబ్రరీ ఎక్సెప్షన్ 3.1 అనే మినహాయింపు. లిబ్‌జీసీసీ, సీ++ భాష లైబ్రరీ లిబ్‌ఎస్‌టీడీసీ++ వంటివి కలిసిన ప్రోగ్రామును మనకు నచ్చిన షరతులతో పంపిణీ చేయవచ్చని అది స్పష్టంగా చెబుతోంది.

అపోహ: ఆ మినహాయింపుకు షరతులేమీ లేవు.

వాస్తవం: ఒకటి ఉంది. మన కోడు యంత్రభాషగా మారే దారిలో జీసీసీ లోపల దాల్చే మధ్యంతర రూపాన్ని బయటికి తీసి, జీపీఎల్‌తో పొసగని ఆప్టిమైజర్‌కు (కోడును మెరుగుపరిచే ప్రోగ్రాముకు) ఇచ్చి, దాని నుంచి బైనరీ తయారుచేస్తే ఈ మినహాయింపు వర్తించదు. బయటివారి కోడును కంపైలర్‌కు తగిలించే ప్లగిన్‌ల సౌకర్యం 2010లో, 4.5 వెర్షన్‌తో, అంటే ఈ షరతు అమలులోకి వచ్చిన తరువాతే జీసీసీలో చేరడం యాదృచ్ఛికం కాదు. మామూలుగా కంపైల్ చేసుకునేవారిని ఇది తాకదు.

అపోహ: కంపైలర్‌తో వచ్చిన ప్రతి లైబ్రరీకీ ఈ మినహాయింపు ఉంటుంది.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. జీసీసీలోని ఫోర్ట్రాన్ భాష కంపైలర్ జీఫోర్ట్రాన్‌తో లింకయ్యే గణిత లైబ్రరీ లిబ్‌క్వాడ్‌మ్యాత్ ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌ను కొంత సడలించిన లైసెన్సు) కింద ఉంది. చాలా లినక్స్ వ్యవస్థలలో ప్రోగ్రాములకు ఆధారమైన సీ లైబ్రరీ గ్లిబ్‌సీ అసలు జీసీసీలో భాగమే కాదు, దానిదీ ఎల్‌జీపీఎలే. ఎల్‌జీపీఎల్ లైబ్రరీని స్టాటిక్‌గా, అంటే దాని కోడును మన బైనరీలోనే కలిపేసి, లింకు చేయకూడదనే మాట కూడా నిజం కాదు. చేయవచ్చు, అయితే వినియోగదారు ఆ లైబ్రరీని మార్చుకుని మళ్లీ లింకు చేసుకోగలిగేలా మన ఆబ్జెక్ట్ ఫైళ్లనైనా (లింకు చేయడానికి ముందు కంపైలర్ ఇచ్చే ఫైళ్లు) అందించాలి. నేను ఒకసారి లినక్స్ బోర్డు మీద అలా స్టాటిక్‌గా లింకు చేసి పంపిన ప్రోగ్రాముకు ఆబ్జెక్ట్ ఫైళ్లను దాచుకోలేదు. అవే ఫైళ్లను అదే కంపైలర్ వెర్షన్‌తో తిరిగి తయారుచేయడానికి రెండు రోజులు పట్టింది. అప్పటినుంచి పంపిన ప్రతి బైనరీ పక్కన వాటిని భద్రపరుస్తున్నాను.

అపోహ: జీపీఎల్ కాని లైబ్రరీ అయితే ఏ బాధ్యతా ఉండదు.

వాస్తవం: చిన్న పరికరాలలో వాడే సీ లైబ్రరీ న్యూలిబ్‌లో అధిక భాగం బీఎస్‌డీ తరహా లైసెన్సులతో (సోర్సు అడగకుండా కాపీరైట్ ప్రకటన ఉంచమనేవి) ఉంది కనుక, కాపీరైట్ ప్రకటనలను పరికరంతో ఇచ్చే కాగితంలోనో పుస్తకంలోనో ముద్రించాలి. మరొక కంపైలర్ ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం మాత్రం 2019 నుంచి అపాచే 2.0 లైసెన్సుకు ఒక మినహాయింపు జోడించి, కంపైల్ చేసినందువల్ల బైనరీలో చేరిన తన భాగాలకు ఆ ప్రకటనల అవసరాన్ని తొలగించింది.

ఏ లైబ్రరీ నుంచి ఏ ఆబ్జెక్ట్ చేరిందో లింకర్ (ఆబ్జెక్ట్ ఫైళ్లను, లైబ్రరీలను కలిపి బైనరీ చేసే ప్రోగ్రాము) రాసే మ్యాప్ ఫైలులో వరుసగా ఉంటుంది. నా దగ్గర నేర్చుకునేవారి చేత మొదటి వారంలోనే దానిని చదివించి, ప్రతి పేరుకు ఎదురుగా లైసెన్సును చేత్తో రాయిస్తున్నాను.