కోడ్ రాకముందే ఆగిపోయిన యుద్ధ కామిక్స్

యుద్ధాన్ని ఉన్నదున్నట్టు చూపిన అమెరికన్ కామిక్స్‌ను 1954 నాటి కామిక్స్ కోడ్, అంటే ప్రచురణకర్తలు తమకు తాము పెట్టుకున్న సెన్సారు నియమావళి, చంపేసిందని తరచూ వింటాం. తేదీలు చూస్తే ఈ మాట నిలవదు. వాటిలో పేరున్న ‘ఫ్రంట్‌లైన్ కాంబాట్’ చివరిదైన 15వ సంచిక మీద 1954 జనవరి అని ఉంది. కోడ్ ఖరారైంది ఆ ఏడాది అక్టోబరులో.

రెండో ప్రపంచయుద్ధపు కామిక్స్‌లో పోరంటే కుస్తీ గోదాయే. 1941 మార్చి తేదీతో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా’ మొదటి అట్ట మీదే హిట్లర్ దవడకు గుద్దు పడింది, అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగనే లేదు. జపనీయులనైతే కోరలతో, పసుపుపచ్చ ఒళ్లతో గీసేవారు.

కొరియా యుద్ధకాలంలో ‘ఫ్రంట్‌లైన్ కాంబాట్’ను తెచ్చిన ఈసీ సంస్థలో, దాని సంపాదకుడు హార్వీ కర్ట్‌జ్‌మన్ ఈ తీరు మార్చాడు. తుపాకులు, యూనిఫారాల వివరాలన్నీ వెతికి పట్టుకునేవాడు. పేజీలోని గడులన్నీ ముందు తనే గీసిచ్చి, చిత్రకారులు వాటిని దాటకుండా చూసేవాడు. తనే రాసి గీసిన ‘కార్ప్స్ ఆన్ ది ఇమ్జిన్’ (1952) చూడండి. నదిలో తేలుతున్న శవాన్ని చూస్తూ ఒక అమెరికన్ సైనికుడు, ఇప్పటి యుద్ధంలో చంపడం దూరం నుంచే కదా అనుకుంటాడు. అంతలో శత్రు సైనికుడొకడు మీద పడతాడు. అతని తలను నీళ్లలో ముంచి పట్టి, చేతులతోనే చంపాల్సి వస్తుంది. గడి తర్వాత గడి అదే ముంచడం, పైకొచ్చే బుడగలు. గెలుపు కేక ఎక్కడా లేదు.

ఈ పద్ధతి ఖరీదైనది. జీతం తెచ్చిన పుస్తకాల లెక్కన, పరిశోధన మాత్రం వారాల లెక్కన. అదే సంస్థలో భయానక కథల సంపాదకుడు ఆల్ ఫెల్డ్‌స్టైన్ ఎక్కువ పుస్తకాలు తెచ్చి ఎక్కువ సంపాదించేవాడు. ఆ లోటు పూడ్చుకోవడానికే కర్ట్‌జ్‌మన్ 1952లో హాస్యానికి దిగాడు, ‘మ్యాడ్’ అనే హాస్య పత్రిక అలా పుట్టింది. 1953 జూలై 27న కొరియాలో కాల్పులు ఆగాయి, యుద్ధ కథల మీద పాఠకుల ఆసక్తీ తగ్గింది.

కోడ్ నిజంగా చేసింది వేరు. యుద్ధ కామిక్స్‌ను ఆపలేదు, నెత్తురు తుడిచింది. 1959లో వచ్చిన యుద్ధ కామిక్స్ హీరో సార్జెంట్ రాక్ ఆ హద్దుల్లోనే ఏళ్లపాటు నడిచాడు.

1965లో వారెన్ సంస్థ ‘బ్లేజింగ్ కాంబాట్’ను నలుపు తెలుపు మ్యాగజైన్‌గా తెచ్చింది. మ్యాగజైన్ కాబట్టి కోడ్ వర్తించదు. అందులో ‘ల్యాండ్‌స్కేప్’ అనే కథ తన వరి పొలం తప్ప మరేదీ పట్టని ముసలి వియత్నాం రైతుది. ఆ కథ తర్వాత సైనిక స్థావరాల దుకాణాలు పత్రికను అమ్మడానికి ఒప్పుకోలేదని ప్రచురణకర్త జేమ్స్ వారెన్ చెప్పాడు. నాలుగు సంచికలతో అదీ ఆగిపోయింది.